బండి నోట్లో గోళీ

నా చిన్నప్పుడు, మంచు అంటే ఏమిటో తెలియకముందే, మంచు మీద నడిచే బండిని చూశాను. అదీ గల్ఫులో, ఫుజైరా అనే ఊళ్ళో, ఎండకు మాడిపోయిన కొండల కింద, మా నాయన పనిచేసే రిపేరు షెడ్డులో. ముందు రెండు పొడుగాటి పలకలు, వెనక చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టా. స్నోమొబైల్ అంటారట దాన్ని. ఒక అర్బాబు, అంటే డబ్బున్న అరబ్బు షావుకారు, చలిదేశానికి వెళ్ళినప్పుడు దాని మీద మోజుపడి ఓడలో తెప్పించుకున్నాడు. మంచు లేకపోతేనేం, ఇసుక తిన్నెలున్నాయి కదా అనుకున్నాడు. చలికాలం సాయంత్రాలు ఆయన కొడుకు దాన్ని ఇసుక మీద ఉరికించేవాడు. కాసేపటికే అది పొయ్యిలా కాగిపోయేది. నీళ్ళు పోసి చల్లార్చుకుని మళ్ళీ ఎక్కేవాడు.

మాది కడప పక్క ఒక చిన్న పల్లె. నాకు ఐదేళ్ళప్పుడు అమ్మనూ నన్నూ నాయన అక్కడికి పిలిపించుకున్నాడు. రెండు వేల నాలుగులోనో ఐదులోనో, నేను నాలుగో తరగతిలో ఉండగా జరిగింది ఈ సంగతి. షెడ్డులో మా నాయన మెకానిక్కు. ఆయన పైన పెద్ద మిస్త్రీది నిజామాబాద్ వైపు. అందరూ ఆయన్ని కాకా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. ఎడమ చెవి సరిగ్గా వినిపించదు. అందుకని ఎవరు మాట్లాడినా తల కాస్త పక్కకు తిప్పి, ఎంతో ముఖ్యమైన కబురు వింటున్నట్టు వినేవాడు.

ఆ నెలంతా మా ఇంట్లో ఒక భయం ఉండేది. ఎవరి కారుకో ఆయిలు మార్చి, కింది బిరడా సరిగ్గా బిగించకుండా పంపాడు నాయన. ఆయిలంతా దారిలోనే కారిపోయింది. ఇంకో తప్పు జరిగితే ఖలాస్, టికెట్టు చేతిలో పెట్టి ఊరికి పంపేస్తానన్నాడట కఫీలు, అంటే మాకు వీసా ఇచ్చిన షెడ్డు యజమాని. ఒక పొద్దున నాయన అమ్మతో ఆ మాట మెల్లగా చెబుతుంటే తలుపు చాటునుంచి విన్నాను. నాకు ఊరు పెద్దగా గుర్తు లేదు. అమ్మ ముఖం తెల్లబోవడం చూసి మాత్రం, అది చాలా ఘోరమైన శిక్షేమో అనుకున్నాను.

అమ్మ ఒక ఆసుపత్రిలో ఆయా. ఆ శుక్రవారం ఆమెకు డ్యూటీ పడింది. షెడ్డుకు సెలవే గాని, మంచుబండి అర్జెంటని నాయననూ కాకానూ రమ్మన్నారు. ఇంట్లో ఒంటరిగా వదల్లేక నాయన నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

బండి జబ్బేమిటో కాకా ఆ ముందు వారమే అర్బాబుకు చెప్పాడు. గాలిపెట్టె నుంచి ఇంజనుకు గాలి తీసుకుపోయే లావుపాటి రబ్బరు గొట్టం ఒకటుంటుంది. ఎండకు ఎండి ఎండి అది నెర్రెలు విచ్చింది. ఆ నెర్రెల్లోంచి ఇసుక దుమ్ము లోపలికి పోతోంది. కొత్త గొట్టం పార్సిల్లో వచ్చేదాకా బండి ఎక్కవద్దని కాకా గట్టిగా చెప్పాడు. లోపల గాలిని ఆపే చిన్న పలక ఒకటి ఉంటుందనీ, దానికి ఏదైనా అడ్డం పడితే అది మూసుకోదనీ, అప్పుడు యాక్సిలరేటరు మీంచి చెయ్యి తీసేసినా బండి ఆగదనీ, మనిషిని తీసుకుని పోతుందనీ అన్నాడు. మనిషిని తీసుకుని పోతుందన్న మాట నా చెవిలో ఉండిపోయింది.

కొత్త గొట్టం వచ్చేసింది. ఆ శుక్రవారం కాకా బానెట్టు ఎత్తి పాత గొట్టం విప్పాడు. చేతిలో నలిపితే అది పెళుసుగా చిట్లింది. దాని వెనక గుండ్రటి నోరొకటి కనిపించింది. వెంటనే ఒక శుభ్రమైన బనియను గుడ్డను ఉండలా చుట్టి ఆ నోట్లో కుక్కాడు.

"గీ గుడ్డ ముట్టకు బిడ్డా. ఇది బండి నోరు. దీనికి మంచీ చెడూ తెల్వది, ఏది పడితే అది మింగుతది," అన్నాడు.

జుమ్మా నమాజుకు వేళయిందని నాయన మసీదుకు వెళ్ళాడు. గొట్టానికి వేసే పట్టీ ఒకటి తుప్పుపట్టిందని, కొత్తది వెతకడానికి కాకా వెనక గదిలోకి పోయాడు. నేను బండి పక్కన ఒక్కదాన్నే మిగిలాను. నా చేతిలో బఠాణీ గింజంత ఇనప గోళీ ఉంది. పగిలిన బేరింగులోది, నేలమీద దొరికింది. అద్దంలా మెరుస్తుంటే పొద్దుటి నుంచీ దాంతోనే ఆడుకుంటున్నాను.

ముట్టవద్దన్న చోటికే చెయ్యి పోతుంది పిల్లలకు. గుడ్డ లాగి లోపలికి తొంగి చూశాను. చీకటి, పెట్రోలు వాసన. ఇంకా బాగా కనిపిస్తుందేమోనని బండి అంచు పట్టుకుని ముందుకు వంగాను. వేళ్ళు సడలి గోళీ జారింది. టక్కుమని చప్పుడు, ఆ వెనకే దొర్లుతున్న చప్పుడు. వేలు పెట్టి తీయబోతే వేలికొసకు తగిలి ఇంకా లోపలికి పోయింది. కాకా చెప్పుల చప్పుడు వినిపించింది. గుడ్డను యథాప్రకారం కుక్కేసి గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ కాకాను చూస్తుంటే నాకు కఫీలు కనిపించాడు, టికెట్టు కనిపించింది, తలుపు సందులోంచి చూసిన అమ్మ ముఖం కనిపించింది. నోరు మూసుకున్నాను. గోళీ చిన్నదే కదా, దుమ్ములాగే ఎటో పోతుందిలే అనుకున్నాను. ఆ మాటను నేనే నమ్మలేదు.

కాకా గుడ్డ తీసి పక్కన పడేసి కొత్త గొట్టం తొడిగాడు. ఒక పట్టీ బిగించాడు, రెండోది బిగించాడు. స్క్రూ తిరిగిన ప్రతిసారీ ఆ గోళీ మీద ఒక్కో తలుపు మూసుకుంటున్నట్టు అనిపించింది. ఇంతలో నాయన వచ్చాడు. ఆయన వెనకే అర్బాబు పికప్పు వచ్చి ఆగింది. కొడుకు దిగాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఎర్ర హెల్మెట్టు చంకలో పెట్టుకుని, బండి చుట్టూ తిరుగుతూ నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూశాక అతని మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

అర్బాబు తొందరపడుతున్నాడు. "యల్లా, యల్లా" అంటున్నాడు. స్టార్టు చేయడానికి కాకా తాడు పిడి పట్టుకున్నాడు. లాగబోతూ ఎందుకో నా వైపు చూశాడు. అందరూ బండిని చూస్తుంటే నేను ఆ అబ్బాయినే చూస్తున్నానట. తర్వాత ఎప్పుడో ఆయనే చెప్పాడు ఆ మాట.

పిడి వదిలేశాడు. డ్రమ్ములో నీళ్ళు నింపి రమ్మని నాయనను పంపాడు. రెండు నిమిషాలు ఆగమని అర్బాబుకు చేతితోనే సైగ చేసి, వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. నాతో కాదు, నేలతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"నేను కొత్తగ దుబాయ్ ఒచ్చినప్పుడు సోనాపూర్ లేబర్ క్యాంపుల ఉన్న. మా ఊరోడే ఒకడు నాతోటే ఒచ్చిండు. ఒక్కటే గది, ఒక్కటే సైటు. ఒకనాడు మిషిన్ల బోల్టు బిగించుడు మర్సిన. తెల్లారి బస్సుల పోంగ యాదికొచ్చింది. చెప్తే ఫోర్మన్ ఏమంటడో అని భయమైంది. భయం తగ్గినంక చెప్దామనుకున్న బిడ్డా. అది తగ్గలె. ఆ పూటనే ఆని చెయ్యి మిషిన్ల పడ్డది."

కింద పడున్న నట్టు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఆడు ఇంటికి పోయిండు. తప్పు నాదని ఆనికి ఇయ్యాల్టిదాంక చెప్పలె."

పెద్దవాళ్ళ గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు. నా మీద జాలితోనో, నన్ను బెదిరించడానికో చెప్పిన కథ కాదది. ఆ చెయ్యి ఎవరిదో, ఎలా ఉండేదో నాకు కళ్ళకు కట్టింది.

"కాకా... గోళీ... బండి నోట్లో పడింది," అన్నాను. ఆయన మంచి చెవి నా వైపే ఉంది.

లేచి నిలబడ్డాడు. బిగించిన పట్టీలు మళ్ళీ విప్పాడు. గొట్టం తీసి చూశాడు, లేదు. అయస్కాంతం కట్టిన కమ్మీ లోపలికి పోనిచ్చాడు, ఉత్తదే తిరిగొచ్చింది. అర్బాబు అరబ్బీలో గట్టిగా ఏదో అడుగుతున్నాడు. నీళ్ళ డ్రమ్ము దించిన నాయన ఏమీ అర్థం కాక నన్నూ కాకానూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఏమైందిమా? ఎందుకట్ల వణుకుతాండావు?"

కాకా చెబుతాడేమోనని చూశాను. ఆయన తల ఎత్తలేదు. నాయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. విని నాయన నన్ను కొట్టలేదు. పక్కనున్న టైరు మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

చివరికి కాకా కార్బొరేటరు మొత్తం విప్పి బల్ల మీద పెట్టాడు. లోపలి పలకను వేలితో పైకి లేపి అటూ ఇటూ ఊపితే గోళీ బల్ల మీదికి దొర్లింది. దాన్ని అందరికీ కనపడేలా అరచేతిలో పట్టుకున్నాడు.

అర్బాబుకు హిందీలో చెప్పాడు, తప్పు తనదేనని. పిల్ల ఉన్నచోట బండి నోరు తెరిచి వదిలి పోయానని, గుడ్డ కుక్కితే చాలదనీ తాడుతో కట్టాల్సిందనీ చెప్పాడు. నేను నాయన వెనకనుంచి బయటికొచ్చి, వచ్చీరాని హిందీలో, పడేసింది నేనే అన్నాను. అర్బాబు నన్ను చాలాసేపు చూశాడు. కొడుకును దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత పోయి పికప్పులో కూర్చున్నాడు. కాకా అంతా మళ్ళీ బిగించి స్టార్టు చేశాడు. ఇంజను చప్పుడు పైకి లేచి, చెయ్యి వదలగానే కిందికి దిగింది. మళ్ళీ మళ్ళీ, పదిసార్లు అలా చేసి చూశాకే ఇచ్చాడు.

నాయన ఉద్యోగం పోలేదు. అయితే కొన్ని నెలలకు కాకాను ఖోర్ ఫక్కాన్‌లో ఉన్న ఇంకో షెడ్డుకు మార్చారు. ఆ శుక్రవారం వల్లనో కాదో ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. అడిగేంత ధైర్యం రాలేదు. వెళ్ళేముందు ఆయన టెలిఫోను కార్డు కొనుక్కుని, ఊళ్ళో ఉన్న, చెయ్యి మిషన్లో పడిన ఆ స్నేహితుడికి ఫోను చేశాడని నాయన చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. బూత్ బయట నాయన నిలబడ్డాడట. కార్డు అయిపోయేదాకా మాట్లాడి, బయటికొచ్చి, ముఖం కడుక్కుంటానని కొళాయి దగ్గరికి వెళ్ళాడట కాకా. అవతలి మనిషి ఏమన్నాడో నాయన కూడా అడగలేదు.

నేనిప్పుడు ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాను. డాక్టరు చీటీ తప్పుగా చదివి వేరే మందు ఇచ్చిన రోజులున్నాయి. గుర్తొచ్చిన క్షణం అదే భయం. ధైర్యవంతురాలినని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. భయం తగ్గాక చెబుదామని ఆగకూడదని మాత్రం నాకు తెలుసు. అందుకే గొంతు వణుకుతుండగానే మందు తీసుకెళ్ళినవాళ్ళకు ఫోను చేసి, "అమ్మా, ఇందాక ఇచ్చిన మందు వేసుకోకండి, పొరపాటు నాదే," అని చెప్పేస్తాను.