వెదురు టీకి పది గజాలు తక్కువ

నేను ఆదివారాలు గోల్ఫ్ ఆడుతున్నానని తెలిసినప్పుడు మా చుట్టాలు నాకు పెద్ద ప్రమోషన్ వచ్చిందనుకున్నారు. రాలేదు. బస్తర్‌లో ఇనుప ఖనిజం తవ్వే ఒక గని టౌన్‌షిప్‌లో, ఆ ఖనిజాన్ని పరీక్షించే ల్యాబ్‌లో నేను కెమిస్టుని. ఎప్పుడో ఒక అధికారి సరదాపడి మైదానం వేయించాడు. తరువాత వచ్చినవాళ్ళు దాన్ని మూసేసే ధైర్యం లేక ఆడుతూ వచ్చారు. బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే పచ్చికను గ్రీన్ అంటారు. మా దగ్గర అది ఇసుకలో పాత నూనె కలిపి చదును చేసిన నేల. రంగు గోధుమ, పేరు మాత్రం గ్రీనే. ఎండాకాలంలో తెల్లబంతి నాలుగు దెబ్బలు తినేసరికి ఖనిజం రంగులోకి వచ్చేస్తుంది.

ఆటలో నా జోడీ మా గని సర్వేయరు. బాసగూడ వైపు రైతుల ఇంట్లో పుట్టాడు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దోర్లి, బడిలో హిందీ. క్లబ్బులో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. పరిచయమైన రెండో వారానికే నన్ను బావా అన్నాడు. నేనూ అన్నాను. వారమంతా హిందీలో "జీ సర్" అని అలసిపోయిన నోటికి ఆ మాట విశ్రాంతిగా ఉండేది.

మొదటి గుంటకు వెళ్ళే దారిలోనే నేల కొంచెం మిట్టగా లేస్తుంది. బంతి ఆ మిట్ట దాటితే ఎక్కడ పడిందో కొట్టినవాడికి కనబడదు. గజాలు చెప్పే పలకలను చెదలు తినేసి చాలాకాలమైంది. అందుకని నేను కొట్టేటప్పుడు అతను మిట్టమీద నిలబడి చూసి కేకేసేవాడు. "నూట డెబ్బై, బావా! మంచిగ పోయింది!" నేను ఛాతీ విరుచుకుని, అతనితో కబుర్లు చెబుతూ బంతి దగ్గరికి నడిచేవాణ్ణి. కబుర్లు చెబుతూ అడుగులు లెక్కపెట్టేవాడు ఎవడుంటాడు? అయినా, ఏటా కొండ ఎంత తరిగిందో గజం తేడా లేకుండా చెప్పే మనిషి అతను. అతని కొలతను శంకించడం, నా ల్యాబ్ త్రాసును శంకించడం ఒకటే.

ఇక టీ సంగతి. మొదటి దెబ్బ కొట్టేముందు బంతిని నేలకి కాస్త ఎత్తులో నిలబెట్టడానికి గుచ్చే చిన్న మేకు అది. బయట ఎక్కడైనా మెత్తటి పచ్చికలో దిగిపోతుందట. మా ఎర్రమట్టి మే నెలలో ఇటుకతో పోటీ పడుతుంది. కట్టె టీ గుచ్చేటప్పుడే సగం విరుగుతుంది, మిగతా సగం దెబ్బకు పోతుంది. ప్లాస్టిక్‌ది విరగదు, మెడ వంచుకుంటుంది. వంగినదాన్ని సరిచేసి పెడితే బంతి తనంతట తానే దిగిపోతుంది. ఇంతమంది చదువుకున్న ఇంజనీర్లు ఆదివారం పూట మేకు కోసం బాధపడటం చూడలేక, ఆ వేసవిలో నేను సంతలో వెదురు బద్దలు కొనుక్కొచ్చాను.

వెదురు గట్టిదే కానీ నిలువునా చీలే స్వభావం దానిది. మొదట్లో చేసినవన్నీ నోరు తెరిచాయి. కణుపు దగ్గర కోసి, బంతి కూర్చునే గుంటను కాల్చిన మేకుతో పెడితే చీలవని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది, రెండు వేళ్ళు కాలాయి. వరండా అంతా పొట్టు. మా ఆవిడ, "ఇదేదో ఉద్యోగంలో చూపించి ఉంటే ఈపాటికి మేనేజరు అయ్యేవారు" అంది. ప్రోత్సాహంగానే తీసుకున్నాను.

అదే సమయంలో మా గనికి పెద్ద అధికారిగా కొత్త సాబ్ వచ్చాడు. క్లబ్బుకూ ఆయనే అధ్యక్షుడు. ఆయన దగ్గర ఒక రకం విదేశీ ప్లాస్టిక్ టీ ఉంది. దాని తలమీద బంతిని మోయడానికి కుచ్చుంటుంది. చూస్తే, వాడిపారేసిన పళ్ళ బ్రష్‌ను తలకిందులుగా గుచ్చినట్టుంటుంది. దానితో బంతి దూరం పోతుందని ఆయన నమ్మకం. పక్క టౌన్‌షిప్‌తో ఏటా జరిగే జోడీల పోటీకి మనవాళ్ళందరూ ఒకే రకం టీ వాడాలన్నాడు. ఏ రకమో మీటింగ్‌లో తేలుద్దామన్నాడు.

నేను పరీక్షలు చేసి బతికేవాణ్ణి. టీ రకాన్ని బట్టి దూరం మారుతుందా, ఏది ఎన్ని దెబ్బలు ఆగుతుంది, ఇవి తేల్చడం మాకు రెండు ఆదివారాల పని అన్నాను. సర్వేయరు సరేనని, సాబ్‌ను అడిగి రెండు బ్రష్ టీలు తెచ్చాడు. మూడు రకాలనూ ఒకే ఎత్తులో గుచ్చాను. నేను కొట్టాను, అతను మిట్టమీద నిలబడ్డాడు.

"కట్టెది, నూట డెబ్బై!"

"వెదురుది?"

"అంతే బావా!"

"బ్రష్?"

"అది గూడ అంతనే! టీ ఏం జేస్తది బావా, నిలబడి ఉంటది. పని జేసేది నువ్వు."

దూరంలో తేడా లేదు. మన్నికలో కట్టెది ఒకటి రెండు దెబ్బలకే పోయింది, వెదురుది ఉదయమంతా నిలబడింది, బ్రష్‌ది బతికింది కానీ వంగి బతికింది. పోటీలో మేమిద్దరం నా వెదురు టీలతో ఆడతామనుకున్నాం. నాకు అంతకన్నా పెద్ద కోరిక లేదు.

"మీటింగ్‌ల నేను చెప్తలే" అన్నాడు. "కొలిచింది నేను గదా. నువ్వు మాత్రం జోకులెయ్యకు."

వెయ్యలేదు. మీటింగ్‌లో నా టీలను బల్లమీద వరసగా పేర్చి, జరిగింది చెప్పి కూర్చున్నాను. సాబ్ తన బ్రష్ టీని వేళ్ళ మధ్య తిప్పుతూ సర్వేయరు వైపు చూశాడు. "కొలిచింది నువ్వే కదా. చెప్పు."

అతను లేచి నిలబడ్డాడు. హిందీలో, గని లెక్క చెప్పే గొంతుతో చెప్పాడు. "సర్, వెదురుది బాగానే ఉంది. కానీ మీ బ్రష్ వాలా పది గజాలు ఎక్కువ పోతోంది."

ఒక్క క్షణం ఆ హిందీ నాకే సరిగా అర్థం కాలేదనుకున్నాను. "ఏంటి బావా?" అన్నాను తెలుగులో. అతను నావైపు చూడకుండా, "తర్వాత" అన్నాడు. అదీ తెలుగులోనే. ఎవరో, "ఇక బుట్టలు అల్లుకోండి కెమిస్ట్ సాబ్" అన్నారు. అందరూ నవ్వారు. సర్వేయరు నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత నయం.

బయట స్కూటర్ల దగ్గర అతన్ని పట్టుకున్నాను.

"ఏందంటే ఏం జెప్పాలె బావా? బ్రష్షు ఆయన చేతిలనే ఉండె. ఆయన ముందట ఆయనది తక్కువని ఎట్ల జెప్తరు?"

"తక్కువని ఎవడు చెప్పమన్నాడు? సమానమని చెప్పమన్నాను."

"సాబ్‌లకు సమానమంటే తక్కువనే."

మర్నాడు పోటీ జోడీలు క్లబ్బు గోడమీద అంటించారు. సాబ్‌కు జోడీ సర్వేయరు. నాకు జోడీ మా ఆసుపత్రి పళ్ళ డాక్టరు. ఎంతో మర్యాదస్తుడు, ఆటలో మాత్రం నా పళ్ళమీదే ఆయన చూపు.

నన్ను తొలిచింది గోడమీద కాగితం కాదు. ఆదివారం మిట్టమీంచి "అంతనే" అన్న గొంతూ, మీటింగ్‌లో "పది గజాలు" అన్న గొంతూ ఒక్కటే. రెండూ నిజం కావడానికి వీల్లేదు. అతను అబద్ధమాడింది సాబ్ కోసమైతే సరే, లోకం తీరు అనుకుంటాను. నాకోసం ఆడి ఉంటే? ఒక సెలవు రోజు పొద్దున్నే ల్యాబ్ స్టోరు నుంచి కొలిచే టేపు తీసుకుని ఒక్కణ్ణే మైదానానికి వెళ్ళాను. బంతులమీద స్కెచ్ పెన్నుతో టీ రకం గుర్తుపెట్టి, అన్నీ కొట్టి, టీ దగ్గర్నుంచి మిట్టమీదుగా టేపు జరుపుకుంటూ గజాలు కూడుకుంటూ వెళ్ళాను.

కట్టెవీ, వెదురువీ, బ్రష్‌వీ కలగలిసి పడున్నాయి. ఏ రకమూ మరోదానికన్నా ముందు లేదు. ఆదివారం చెప్పిందే నిజం. ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి వదిలేలోపు కూడిక తేలింది. నూట నలభై రెండు. బాగా తగిలిందనుకున్న దెబ్బ కూడా నూట యాభైకి చేరలేదు. టేపు చెడిపోయిందేమోనని దానితో నా ఎత్తు కొలుచుకున్నాను. నేను ఎక్కడా తగ్గలేదు.

నూట డెబ్బైలు ఒక్కటీ నావి కావు. ఇన్ని ఆదివారాలు నేను ఛాతీ విరుచుకుని నడిచింది అతని నోట్లోంచి వచ్చిన గజాలమీద. సాబ్‌కు చేసింది కొత్త పనేమీ కాదు. ఆ వరసలో సాబ్ నా తరువాతివాడు, అంతే.

రెండురోజుల తరువాత అతను ల్యాబ్‌కు వచ్చాడు, ఏమీ జరగనట్టు. చేతిలో రెండు మామిడిపళ్ళు, వాళ్ళ ఊరివి. నేను టేపు సంగతి చెప్పాను. అతను తడుముకోలేదు, నవ్వాడు.

"అవ్ బావా, ఎక్కువనే చెప్పిన. ఏండ్ల సంది చెప్తున్న. ఒక్కదినమన్న నాతోని కొట్లాడినవా?"

"నాకు తెలీదు కదా."

"తెలిస్తే ఆడేటోనివా? మొదటి నెలల్నే మానేసేటోనివి. నాకు జోడీ ఎవడుండె? ఇప్పుడు ఇంకొకాయనకు చెప్పిన్నని నీకు కోపం."

అందులో ఎంత నిజముందో తూచే త్రాసు మా ల్యాబ్‌లో లేదు. ఒక్కటే అడిగాను. "నా బంతి అసలు ఎంత పోతుంది?"

అతను నవ్వు ఆపాడు. గనిలో పరికరంలోంచి చూసేటప్పటిలా కళ్ళు చిన్నవి చేశాడు. "నూట నలభై. ఎండకాలం నేల గట్టిగుంటది, ఇంకో రెండు గజాలు ఏసుకో. వానల్ల నూట ముప్పై దాటదు."

ఊరికే ఉజ్జాయింపుగా అరిచాడేమో, అసలు కొలిచేవాడే కాదేమో అని రెండు రోజులుగా అతని తరఫున నాకు నేను వాదించుకుంటున్నాను. కొలిచాడు. ప్రతి ఆదివారం, ప్రతి బంతినీ, గజం తప్పకుండా కొలిచి, ఆ తరువాతే కేకేశాడు.

"ఆదివారం వస్తున్నవా మరి?" అన్నాడు మామిడిపళ్ళు బల్లమీద పెడుతూ. "సాబ్ పదింటికి గాని రాడు. పొద్దుగాల మనమిద్దరం ఆడుకుందం."

"రాను" అన్నాను.

దానికి నేనేదో జోకు కలుపుతానని కాసేపు అక్కడే నిలబడ్డాడు. కలపలేదు. అతను వెళ్ళిపోయాడు.