నైజీరియా చేపకి సరైన పేరు

సూర్యకళ చేతులు పద్నాలుగేళ్ళు ఉప్పునీళ్ళలో నానాయి. భైరవపాలెంలో వేట మీద బతికే ఇంట్లో పుట్టింది. పెళ్ళయ్యాక సముద్రం ఒడ్డున ఒక రొయ్యల హేచరీలో పనికి కుదిరింది. రొయ్యపిల్లలకి మేతగా వేసే ఆర్టీమియాని, ఇసకరవ్వంత ఉండే ఆ ఉప్పునీటి పురుగుని, పొదిగించి అందించడం ఆవిడ పని. జబ్బు తగిలి తొట్లలో పిల్లంతా పోయిన ఏడాది ఆ హేచరీ మూతపడింది. అదే ఏడాది భర్త పల్లంరాజు బోటు మీద జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. సముద్రంతో ఇక పని లేదనుకుని ఇద్దరూ కడియం వచ్చేశారు. ఒక నర్సరీలో సంచులకి మట్టీ కొబ్బరిపొట్టూ నింపే పనిలో ఆవిడ చేరింది. నలభై ఏడేళ్ళకే మోకాళ్ళు ముసలివైపోయాయి.

నర్సరీ యజమాని ఉదయభాస్కర్‌కి ఎప్పుడూ కొత్త వ్యాపారాల మీదే ధ్యాస. తామర తొట్లు కొనేవాళ్ళు అందులో వేయడానికి చేపలు కూడా అడుగుతున్నారని, బెంగళూరు వెళ్ళిన మొక్కల లారీలో రెండు చిన్న ప్యాకెట్లు తెప్పించాడు. తడి కొబ్బరిపొట్టు, దాని మధ్య ఆవగింజ కన్నా చిన్న గుడ్లు. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో తిరిగే కిల్లీ చేపవట. తడికి ప్యాకెట్ల మీద రాత చెరిగిపోయింది. ఒకదాని మీద నైజీరియా అన్న మాటొక్కటే మిగిలింది. రెండోదాని మీద అదీ లేదు.

"రెండూ ఒకటేలేమ్మా" అని ఉదయభాస్కర్ ఆ రెంటినీ ఒకే తొట్టిలో గుమ్మరించాడు.

మర్నాటికి తొట్టిలో వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు ఈదుతున్నాయి. ఇంత చిన్న నోటికి ఏం పెట్టాలో ఆ నర్సరీలో ఎవరికీ తెలియదు, సూర్యకళకి తప్ప. ఉప్పునీళ్ళ సీసాలో ఆర్టీమియా పొదిగించి పూటకింత వేసింది. నాలుగు నెలలకి మగవి ముదిరాయి. నీలం ఒళ్ళు, దాని నిండా ఎర్ర చుక్కలు, రెక్కల అంచులు కొన్నింటికి పసుపు, కొన్నింటికి తెలుపు. ఆడవి మాత్రం అన్నీ ఒక్కలాగే మట్టిరంగులో ఉన్నాయి.

ఉదయభాస్కర్ వాటికి నెమలి చేప అని పేరు పెట్టాడు. అయితే ఆ చేప రోజుకి నాలుగైదు గుడ్లకి మించి పెట్టదు. అది తెలిశాక ఆయనకి మోజు తీరిపోయింది. "నీ ఓపిక, నీ ఇష్టం" అని తొట్లు ఆవిడకి వదిలేశాడు.

ఆవిడకి ఓపికేమీ లేదు. పొద్దున్నించీ వందల సంచులు నింపి వచ్చిన మనిషికి ఓపికెక్కడిది? కాకపోతే చేతిలో పుట్టిన ప్రాణిని ఎండలో వదిలేసి పోవడం తెలియదు. హేచరీలో ప్రతి తొట్టి మీదా పిల్ల ఎక్కడిదో, ఏ రోజుదో రాసి ఉండేది. ఇక్కడ ఏ పేరూ లేని చేపలకి మేత వేస్తుంటే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉండేది.

చివరికి ఉదయభాస్కర్‌నే అడిగి, చేపల మీద పరిశోధన చేసే అశ్విని అనే ఆవిడ నంబరు సంపాదించింది. ఆవిడది తణుకే, ఉద్యోగం చెన్నైలో. సూర్యకళ పంపిన ఫొటోలు చూసి అశ్విని తనే ఫోన్ చేసింది.

"సూర్యకళ గారూ, రంగు చూసి వీటి పేరు చెప్పలేమండి. ఒకే వాగులో పసుపంచువీ ఉంటాయి, తెల్లంచువీ ఉంటాయి. చచ్చిపోయిన మగచేప దొరికితే వీపు రెక్కలో ఎన్ని ముళ్ళున్నాయో, పక్కన ఒక వరసలో ఎన్ని పొలుసులున్నాయో లెక్కపెట్టగలరా?"

"హేచరీ భూతద్దం ఉందండి. చూస్తాను."

మూడు చచ్చిన చేపలకి మూడేసి సార్లు లెక్కపెట్టింది. కళ్ళు నీళ్ళు కారాయి. ఆ లెక్కలూ, స్పిరిట్‌లో వేసి పంపిన చేపలూ చూసి అశ్విని వారానికి పేరు చెప్పింది. ఫండులోపాంకాక్స్ గార్డ్నెరి.

"వెనక ఇంకో పేరుండేదండి. తరవాత మార్చారు" అంది అశ్విని.

"ఇంత కష్టపడి నేర్చుకున్నాక మళ్ళీ మారుస్తారాండీ?"

అశ్విని నవ్వి, అసలు సంగతి చెప్పింది. ఈ చేపకి జాతి పేరొక్కటీ చాలదు. పెంచేవాళ్ళు దాని వెనక అది పుట్టిన వాగుదో ఊరిదో పేరు కూడా రాస్తారు. ఒక్కో చోటి చేప లోపల ఒక్కోలా ఉంటుంది. వేరువేరు చోట్లవి కలిస్తే పిల్లలు పుడతాయి గానీ, ఆ పిల్లల గుడ్లు చాలా మటుకు నిలవవు. రెండు ప్యాకెట్లూ కలిపేశారు కాబట్టి ఏ ఆడది ఎక్కడిదో ఇప్పుడు తెలియదు.

"తెలుసుకునే దారి ఒక్కటేనండి. ఒక్కో జంటనీ విడిగా పెట్టాలి. వాటి పిల్లలు పెరిగి, ఆ పిల్లల గుడ్లు కూడా పొదిగితే ఆ జంట ఒక చోటిదే అనుకోవచ్చు. దానికి ఆరేడు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకండి."

"ఆయ్, అలాగేనండి" అంది సూర్యకళ. ఫోన్ పెట్టేశాక, ఎందుకు ఒప్పుకున్నానా అనుకుంది.

నీడకి కట్టిన షేడ్‌నెట్ కింద తొమ్మిది బకెట్లు పెట్టి, ఒక్కోదానిలో ఒక్కో జంటని వేసింది. ఈ చేపలు ఎగిరి బయట పడతాయి, అందుకని ప్రతిదానికీ మూత. గుడ్లు అతుక్కోవడానికి ఊలు కుచ్చులు కావాలి. పల్లంరాజు మంచం మీద కూర్చుని, వలలు అల్లిన చేతులతో ఆకుపచ్చ ఊలు కుచ్చులు కట్టిచ్చాడు. "చేపని పట్టడమే తెలుసు గానీ, చేపకి ఇల్లు కట్టడం ఇదే మొదలు" అన్నాడు. పని దిగి ఇంటికెళ్ళే ముందు ఆవిడ కుచ్చులన్నీ వెతికేది. దొరికిన గుడ్లని వేలితో ఏరి, ఏ బకెట్టువి ఆ బకెట్టు గిన్నెలో వేసేది. పండగ లేదు, ఆదివారం లేదు. జ్వరం వచ్చిన నాడు కూడా మేత సీసా పుచ్చుకుని వెళ్ళింది.

ఒకరోజు చూస్తే జంటలు తీయగా మిగిలినవి ఉన్న పాత తొట్టిలో పన్నెండు చేపలు లేవు. తణుకు నుంచి వచ్చిన ఎవరికో ఉదయభాస్కర్ నెమలి చేపలని అమ్మేశాడు.

"అవి కలగలిసినవండి. ఏమని చెప్పి ఇచ్చారు?"

"చేపలని చెప్పాను. కొనేవాడికి అందం కావాలి గానీ కులగోత్రాలు ఎందుకమ్మా?"

సూర్యకళ గొంతు పెంచలేదు. "ఆయన ఇంకొకరికిస్తాడు, వాళ్ళు ఇంకొకరికిస్తారు. రేపు మంచివి ఏవో చెడ్డవి ఏవో ఎవరూ చెప్పలేరు. ఇక అమ్మకండి, దండం పెడతాను" అంది. ఆయన సరేనన్నాడు. తరవాత అమ్మలేదు కూడా. అయినా పోయిన పన్నెండూ తిరిగి రాలేదు.

చలికాలం వెళ్ళేసరికి ఆ జంటల పిల్లలు పెరిగి గుడ్లు పెట్టడం మొదలైంది. ఒకటో బకెట్టు వాటివి మూడోరోజుకే తెల్లబడ్డాయి. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పాలిపోయిన గుడ్లని ఏరి పారబోస్తూ ఆవిడ రోజులు గడిపింది. నాలుగో బకెట్టు గుడ్లలో మాత్రం చిన్న నల్ల కళ్ళు కనిపించాయి. పదిరోజుల తరవాత ఏడో బకెట్టులోనూ కనిపించాయి. మిగతా ఏడు బకెట్ల గుడ్లూ పోయాయి.

"రెండు వచ్చాయా?" ఫోన్‌లో అశ్విని గొంతు మారింది. "ఆ రెండూ రెండు ప్యాకెట్లవి కావచ్చండి. ఎలాగైనా వేసవి దాటించండి."

మేలో ఎండలు ముదిరాయి. కడియంలో ఆకులు కూడా మాడిపోయాయి. సూర్యకళ బకెట్ల చుట్టూ గోనెసంచులు కట్టి గంటకోసారి తడిపేది. అటు సంచులు నింపడం, ఇటు గోనెలు తడపడం. ఒక మధ్యాహ్నం హైదరాబాద్ వెళ్ళే లారీకి మొక్కలెక్కించమని మేస్త్రీ అందరినీ గేటు దగ్గరికి పిలిచాడు. మూడు గంటలు మోసి వచ్చేసరికి గోనెలు ఎండి కరకరలాడుతున్నాయి. నాలుగోదానిలో సగం బతికున్నాయి. ఏడోదానిలో పెద్దవీ పిల్లలూ అన్నీ పైకి తేలాయి.

ఆవిడ ఏడవలేదు. ఆ బకెట్టు పక్కనే నేల మీద కూలబడింది, మేస్త్రీ వచ్చి పిలిచినా లేవలేదు. కాసేపయ్యాక లేచి, రెండు మగచేపల్ని స్పిరిట్ సీసాలో వేసి, మిగతావి మందారం మొదట్లో పాతిపెట్టింది.

జూలైలో అశ్విని స్వయంగా వచ్చింది. నాలుగో బకెట్టు చేపల్ని గాజు గిన్నెలో పెట్టి చాలాసేపు చూసింది. ఏడోదాని సీసా కూడా చూసింది.

"ఏడోదాని పొలుసుల లెక్క వేరేగా ఉంది. అది ఎక్కడిదో ఇక తెలియదండి."

"నా చేతుల్లోనే పోయిందండి."

"మీ చేతుల్లో లేకపోతే రెండు రకాలున్నాయని కూడా తెలిసేది కాదు."

సూర్యకళ నాలుగో బకెట్టుకి కట్టాల్సిన చీటీ తెచ్చి ఇచ్చింది. చీటీ మీద అశ్విని జాతి పేరు రాసింది. ఊరి పేరు రాయాల్సిన చోట ఆగి, "పుట్టిన ఊరు తెలియదు కదండీ. కడియం అని రాయమంటారా? ఇక్కడే కదా నిలబెట్టారు" అంది.

సూర్యకళ ఆలోచించింది. "వద్దండి. దానిది కాని ఊరు దానికెందుకు? తెలియదనే రాయండి."

అశ్విని అలాగే రాసింది. నలభై గుడ్లు తడి కొబ్బరిపొట్టులో పెట్టి చెన్నై తీసుకెళ్ళింది. ఒకచోట పోయినా ఇంకోచోట ఉంటాయని చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సూర్యకళ గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంది. పల్లంరాజు లోపల్నించి అడిగాడు.

"తేలిపోయింది కదా. ఇక మానేస్తావా?"

"మానేస్తే వాటికి మేతెవరేస్తారయ్యా" అంది, కళ్ళు మూసుకునే. కొంచెంసేపటికి అలాగే గోడకి జారబడి నిద్రపోయింది.