వంతెన దాటిన కబురు

మా బావ లారీ డ్రైవరు. మా ఊరి నుంచి పట్నానికి ముప్ఫై ఏళ్ళుగా సరుకు తోలుతున్నాడు. ఆరువందల కిలోమీటర్లు, పన్నెండు గంటల దారి అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు. సరిగ్గా సగం దారిలో పెద్ద నది, దాని మీద వంతెన. తెల్లవారుజామున బయల్దేరి, మధ్యాహ్నం వంతెన దాటగానే లారీ పక్కకు ఆపి, ఒకప్పుడు ఎస్టీడీ బూత్ నుంచి, ఇప్పుడు సెల్ నుంచి మా అక్కకు ఫోన్ చేస్తాడు.

“వంతెన దాటాను. ఇక తినవే.”

ఆ ఒక్క ముక్క చెవిన పడేదాకా అక్క అన్నం ముట్టదు. పెళ్ళయిన కొత్తలో ఓసారి వరదకు ఆ వంతెన మునిగి, రెండు రోజులు బావ ఏమయ్యాడో తెలియలేదు. అప్పటినుంచీ ఇదే వరస. వడ్డించుకుని కంచం ముందు కూర్చుంటుంది, ఫోన్ మోగితేగాని ముద్ద కలపదు. దీని చాదస్తం మందులకు లొంగేది కాదని బావ నవ్వేవాడు. మరదల్ని కాబట్టి నేను ఇద్దర్నీ కలిపి వెక్కిరించేదాన్ని.

మొన్న లారీ కడుగుతూ బావ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సముద్రాలు ఈదినవాడికి పిల్లకాలువ ఒక లెక్కా అంటారు గాని, మా బావకు లెక్కయింది. అలా మంచంలో ఉండగానే, పట్నంలో ఉన్న వాళ్ళమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయని అల్లుడు ఫోన్ చేశాడు. అక్క ఉన్నపళంగా బయల్దేరతానంది. నేనే విమానం టికెట్టు కొన్నాను. గంట ప్రయాణం.

నా ఫోనులో దూరం చూసి బావ మండిపడ్డాడు. నాలుగువందల అరవై అట! మిగిలిన నూట నలభై ఎవడు మింగాడని నన్ను నిలదీశాడు. విమానానికి మలుపులుండవు, తిన్నగా పోతుందన్నాను. మరి మధ్యలో ఆగి కబురు చెప్పేదెలా అని గొణుక్కున్నాడు.

మధ్యాహ్నం అక్క విమానం ఎక్కింది. నేను బావకు అన్నం పెట్టాను. ఆయన కంచం వంక చూడలేదు, ఫోన్ వంకే చూస్తున్నాడు. అరగంట కాగానే, ఈపాటికి వంతెన దాటి ఉండాలే, ఫోన్ రాలేదేం అన్నాడు. గాల్లో ఫోన్లు పలకవని చెబితే, ఆ మాత్రం నాకు తెలియదా అని కసిరాడు. కసిరి మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. అక్క చాదస్తం నీకూ అంటుకుందా బావా అనబోయి, ఆయన ఫోన్‌లో సిగ్నల్ ఉందో లేదో వెతుక్కోవడం చూసి ఊరుకున్నాను. నాకు ఆ పూట ఆయన మీద పుట్టిన జాలి అంతా ఇంతా కాదు.

చివరికి ఫోన్ మోగింది. బావ స్పీకరు పెట్టాడు.

“ఏమండీ, వంతెన దాటాను. ఇక తినండి” అంది అక్క. కిటికీలోంచి చూస్తే నది దారప్పోగులా ఉందట, వంతెన కనిపించలేదు గాని విమానం దాటే ఉంటుందట. అమ్మాయి బాగానే ఉందనీ, విమానం దిగి అల్లుడితో ఆసుపత్రికే వెళుతున్నాననీ చెప్పింది.

బావ అప్పుడు కంచం వంక చూశాడు.

“ఇన్నేళ్ళూ ఇలాగే కూర్చునేదానివా?”

అక్క చిన్నగా నవ్వింది. “మీరు గంటే కదండీ కూర్చున్నారు.”

ఫోన్ పెట్టేశాక బావ కంచం దగ్గరికి లాక్కున్నాడు. చల్లారిపోయింది, వేడిచేసి తెస్తానన్నాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది ఎన్నేళ్ళు చల్లారిన అన్నం తిందో” అని ముద్ద కలుపుకున్నాడు.