ఉమ చెయ్యి మాత్రమే పట్టే సందు

అమెరికాలో మా క్యారీ ఊళ్లో రెండు నెలలుగా ఒక మాట తిరుగుతోంది. రఘువీర్ ఉద్యోగం పోయిన బెంగతో, తాను కట్టుకున్న విమానాన్ని కావాలనే కూల్చుకుని చనిపోయాడని. నా చెవిన వేసింది వసంతలక్ష్మి, ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతూ.

"లేకపోతే ఒక్కడే ఎందుకెళ్తాడు పిన్నిగారూ? ఎప్పుడూ పక్క సీట్లో పెళ్లాం ఉమ ఉండేది కదా. ఆ రోజు కింద నిలబెట్టేసి వెళ్లాడంట. రేడియోలో ఒక్క మాట కూడా అనలేదంట. లేఆఫ్ అయ్యి అరవై రోజులు. వీసా టెన్షన్ ఉండదా?"

"ఆయన సిటిజన్ అయ్యి పదేళ్లయింది. వీసా ఏమిటే నీ మొహం!"

"నాకేం తెలుసు, అందరూ అంటున్నారు."

"అందరూ అంటే నువ్వూ నీ వాట్సాప్ గ్రూపూనా?"

దాని నోరు మూయించాను గానీ మాట ఆగలేదు. స్కూల్ బస్సులో ఎవరో పిల్ల రఘువీర్ కూతురినే అడిగేసింది. భవితకి పదిహేనేళ్లు. ఇంటికొచ్చి బ్యాగ్ కూడా దింపకుండా తల్లిని అడిగిందట: "అమ్మా, నాన్న మనల్ని వదిలి వెళ్లాలి అనుకున్నాడా? ఆన్ పర్పస్?" ఉమ లేచి గరాజ్‌లోకి వెళ్లిపోయిందట. ఆనాటి నుంచి ఆ పిల్ల తల్లితో సరిగా మాట్లాడటం లేదు, తిండి కూడా గదిలోనే.

ఇది విన్నాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను. డబ్బాలో దోసకాయ పప్పు పోసుకుని, మూడిళ్ల అవతల ఉన్న ఉమామహేశ్వరి ఇంటికి నడిచాను.

ఉమది ఏలూరు. పెళ్లయి ఇక్కడికి వచ్చి ఇరవై రెండేళ్లు. మందుల కంపెనీలో సీసాల మీద లేబుళ్లు సరిచూసి సంతకం పెట్టే ఉద్యోగం. కంటితో చూడనిదే సంతకం పెట్టదని అక్కడ పేరు. సన్నటి మనిషి, మాట తక్కువ. రఘువీర్‌కి విమానాల పిచ్చి. రేకులూ రివెట్లూ పార్సిళ్లలో తెప్పించి ఆరేళ్లు గరాజ్‌లోనే బిగించాడు. ఆ ఆరేళ్లూ ఆయన రివెట్లు కొడుతుంటే రేకు అవతల ఇనప దిమ్మె ఆనించి పట్టుకుని కూర్చున్నది ఉమే. "అందరి మొగుళ్లూ నగలు కొంటారు, మా ఆయన రివెట్లు కొంటారు" అని నవ్వేది. "రెండే సీట్లా? మరి పిల్ల ఎక్కడ కూర్చోవాలి?" అని నేనడిగితే, "దానికి కార్లోనే వాంతులు పిన్నిగారూ, బతికిపోయాం" అనేది.

నేను వెళ్లేసరికి గరాజ్ తలుపు ఎత్తే ఉంది. విచారణ వాళ్లు పరిశీలించి తిరిగిచ్చిన ఇంజిన్ మూత నేల మీద ఉంది. సగం నలిగిపోయి, ఒక అంచు మసిబారి ఉంది. దాని పక్కన ఉమ చతికిలబడి కూర్చుంది.

కథలు రాసే అలవాటు కొద్దీ ఇదేమిటి, అదేమిటి అని అడుగుతూ పోయాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది.

విమానం ముక్కు దగ్గర, పంకాకి అటూ ఇటూ రెండు రంధ్రాలుంటాయట. వాటిలోంచి దూరిన గాలి ఇంజిన్ పైనుంచి కిందికి దిగుతూ వేడిని లాక్కుపోవాలి. గాలి పక్కలకు జారిపోకుండా చుట్టూ రేకు గోడలు, గోడలకీ మూతకీ మధ్య రబ్బరు పట్టీలు. ఆ పట్టీ లోపలికి వంగి ఉంటే గాలి ఒత్తిన కొద్దీ మూతకి అతుక్కుంటుంది. బయటికి మడత పడితే గాలంతా ఆ సందులోంచే పోతుంది, ఇంజిన్ కాలిపోతుంది.

"మన కుక్కర్ గాస్కెట్ లాగానా?"

"అలాంటిదే పిన్నిగారూ. కాకపోతే దీనికి విజిల్ ఉండదు."

పెద్ద రంధ్రాల వల్ల వేగం తగ్గుతోందని రఘువీర్ చలికాలంలో వాటిని చిన్నవి చేశాడు. ఇంజిన్ పీల్చుకునే గాలికి వేరే గొట్టం పెట్టాడు. వేగం పెరిగింది. సంబరపడ్డాడు. ఎండలు ముదిరాక ఇంజిన్ వేడెక్కడం మొదలైంది. అప్పుడు వేడిగాలి పోయే దారిని కింద వెడల్పు చేసి, రబ్బరు పట్టీలు కొత్తవి వేశాడు. ఇంత మార్పు చేశాక కొన్ని గంటలు నడిపేవాడు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదట, అది రూలు. అందుకే ఉమ కింద ఉండిపోయింది. వసంతలక్ష్మీ, విన్నావుటే?

జులైలో ఆ శనివారం మొదటి చుట్టు బాగానే తిరిగి వచ్చాడు. మూత తీసి చూసుకున్నాడు. మళ్లీ మూశారు. కుడి అంచు ఆయన, ఎడమ అంచు ఉమ. మూశాక లోపల పట్టీ ఎటు వంగిందో కంటికి కనపడదు. ఇదివరకు ఆయనే ముందు రంధ్రంలోంచి చెయ్యి పోనిచ్చి తడిమి చూసుకునేవాడు. రంధ్రం చిన్నదయ్యాక ఆయన చెయ్యి పట్టలేదు. ఉమ చెయ్యే పట్టేది.

రెండోసారి లేచిన విమానం పైకి వెళ్తూ వెళ్తూ శక్తి పోగొట్టుకుంది. రన్‌వే అందకముందే పైన్ చెట్లలో పడింది.

"విచారణ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఏం రాశారు?" అన్నాను.

"ఎడమ పక్క పట్టీ బయటికి మడత పడి ఉందని. పడకముందే అలా ఉందో, పడినప్పుడు అయిందో చెప్పలేమని."

అప్పుడే భవిత లోపలి తలుపు దగ్గరికి వచ్చింది. నన్ను చూసి, "హాయ్ అమ్మమ్మా" అంది. తల్లి వైపు చూడలేదు. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీసుకుని వెళ్లిపోయింది. పిల్ల చేతులు పుల్లల్లా అయిపోయాయి.

మెట్లు ఎక్కుతున్న చప్పుడు ఆగింది. ఇలాంటిది అడగకూడదని నాకూ తెలుసు. కానీ ఆ కాగితం చెప్పలేనిది చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, అది నా ఎదురుగా కూర్చుని ఉంది.

"ఉమా, రెండోసారి మూత వేశాక నువ్వు చెయ్యి పెట్టి చూశావా?"

మసి అంటిన అంచుని వేలితో తడిమింది.

"సగందాకా పెట్టాను పిన్నిగారూ. అప్పుడే దిగిందిగా, లోపల రేకు చురుక్కుమంది. తీసేశాను. 'చూశావా ఉమా?' అని అడిగారు. చూశానన్నాను. ఆయన నా మాట నమ్మి వెళ్లారు, చావాలని కాదు. రాస్తే రాయండి, నా పేరు పెట్టే రాయండి. కాకపోతే ముందు నన్ను పైకి వెళ్లి భవితకి చెప్పనివ్వండి."