స్వరూప ఇంటికి రాని ఎర్త్

స్వరూప చేతిలోని పనిని మరమగ్గాల సంఘం తీసేసింది. కారణం అడిగితే ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అంది. ఆ పిల్ల నిర్లక్ష్యం చేయలేదు. ఆ ఇంటికి ఎర్త్ లేదు, ఎర్త్ పెట్టనివ్వనిది ఆ సంఘమే. ఇన్నేళ్లయినా ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను.

1996 చలికాలం, సిరిసిల్ల. అప్పటికి నాకు కరీంనగర్‌లో రిపేరు దుకాణం ఉంది. నేను చదివింది ఏడో తరగతి. రేడియోలు, టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు, అన్నీ పుస్తకం ముందు పెట్టుకుని, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నవే. మా వైపు కంపెనీ కంప్యూటర్ కొనేవాళ్లు తక్కువ. మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్ విడివిడిగా హైదరాబాద్ నుంచి తెచ్చి, ఇనుప డబ్బాలో బిగించి ఇచ్చేవాళ్లం. ఆ డబ్బానే క్యాబినెట్ అంటారు.

స్వరూప తండ్రి నర్సయ్య మగ్గాల మీద పాలిస్టర్ బట్ట నేసేవాడు. ఆమెకు చిన్నప్పుడు పోలియో వచ్చింది, కాలికి ఊతంగా ఇనుప క్యాలిపర్ ఉండేది. మగ్గాల మధ్య పొద్దంతా నిలబడే పని ఆమె వల్ల కాదు. బీడీలు చుడుతూనే టైపు నేర్చుకుంది. కార్మికుల కూలి పట్టీలు కంప్యూటర్ మీద చేసే పని ఇస్తామని సంఘం మాట ఇచ్చాకే నర్సయ్య నా దగ్గరికి వచ్చాడు. వాళ్లు కిరాయికి ఉండే ఇల్లు కూడా సంఘానిదే. ముందు గదిలో బల్ల వేసి, దాని మీదే మిషిన్ బిగించాను. స్క్రూలు అందించింది స్వరూపే.

“పెద్దబాపూ, గిది నడిస్తె ఇగ తంబాకు ముట్ట,” అంది. వేళ్లు వాసన చూసుకుని ముఖం చిట్లించింది.

గోడకున్న ప్లగ్గులో మూడో రంధ్రం ఉంది, దాని వెనుక తీగ లేదు. మూడో పిన్ను ఎర్త్ కోసం. మిషిన్‌లో ఎక్కడైనా కరెంటు డబ్బాకు పాకితే దాన్ని భూమిలోకి దించేది అదే. పెరట్లో గుంత తవ్వి, పైపు దింపి, ఉప్పూ బొగ్గూ పోసి తీగ లాగమని మొదటి రోజే చెప్పాను. నర్సయ్య తలూపాడు. పైపు కూడా తెచ్చుకున్నాడు.

కొన్ని వారాలు మిషిన్ బాగానే నడిచింది. ఆ తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. టైపు చేసినదంతా పోయేది. కరెంటు హెచ్చుతగ్గులనుకుని స్టెబిలైజర్ పెట్టించాను. అయినా ఆగలేదు. కరీంనగర్‌కు తెచ్చి పొద్దంతా నడిపితే చుక్క తేడా లేదు. సిరిసిల్లకు తీసుకుపోగానే మళ్లీ అదే కథ. ఒకసారి ర్యామ్ పూర్తిగా చచ్చిపోయింది. మార్చాను. ఆ వెంటనే కీబోర్డు పనిచేయడం మానేసింది. ఇక విప్పడం మానేసి, ఆమె పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

స్వరూప లోపలి నుంచి వచ్చింది. మిషిన్ మీద కప్పిన బట్టను లాగింది. అది నర్సయ్య నేసిన పాలిస్టరే, చిటపటమంది. కుర్చీ మీదా, కుర్చీ కిందా మందపాటి గొంగడి పరిచి ఉంది. దాని మీద జరిగి కూర్చుని కీబోర్డు మీద వేలు పెట్టింది. ‘చిట్’ మన్నది. తెర అక్కడికక్కడే బిగుసుకుపోయింది.

నేనూ ఆ గొంగడి మీద అటూ ఇటూ జరిగి, లేచి, క్యాబినెట్ స్క్రూ ముట్టుకున్నాను. వేలికీ స్క్రూకూ మధ్య రవ్వ మెరిసింది. దీన్నే స్టాటిక్ అంటారు. ఉన్నీ, పాలిస్టరూ రాసుకుంటే ఒంట్లో చేరే కరెంటు. చలికాలం పొడి గాలిలో అది ఎటూ పోదు. మనిషికి చీమ కుట్టినట్టు ఉంటుంది, చిప్‌కు మాత్రం పిడుగే.

“గీ గొంగడి ఎవలు ఏసిన్రు?” అన్నాను.

“నేనే ఏసిననే అన్నా,” అన్నాడు నర్సయ్య. “డబ్బ ముట్టుకుంటే జిల్లుమంటున్నది. బిడ్డ కాలుకేమో ఇనుము. గొంగడి మీద కూసుంటె కరెంటు పట్టదని మా అయ్య చెప్పేటోడు.”

“నీళ్ల తడి కూడ తగలనిస్తలేడు పెద్దబాపూ. మా అవ్వ ఇల్లు అలుకుత అంటె కొట్లాటకు పోతుండు,” అంది స్వరూప.

టెస్టర్ పెట్టి చూస్తే క్యాబినెట్ మీద వెలిగింది. ఎర్త్ లేని చోట ఇలాంటి మిషిన్ డబ్బా కొద్దిగా కొడుతూనే ఉంటుంది. కింద ఇనుప క్యాలిపర్ నేలకు తగిలి ఉంటే ఇంకా గట్టిగా కొడుతుంది. నర్సయ్య భయం ఉత్తది కాదు. గొంగడి తీస్తే పిల్లకు దెబ్బ, వేస్తే మిషిన్‌కు దెబ్బ. రెండింటికీ మందు ఒక్కటే, పెరట్లో గుంత.

“మరి గుంత ఏది నర్సయ్యా?”

తవ్వడం మొదలుపెట్టిన రోజే సంఘం మేనేజర్ వచ్చి ఆపించాడట. నేనే వెళ్లి అడిగాను.

“సంఘం ఇల్లది. ఉప్పు పోస్తె పునాది తింటది,” అన్నాడు మేనేజర్. “ఇయ్యాల ఆయినకు తవ్వనిస్తె, రేపు ఈ ఇండ్ల లైనంత తవ్వుతరు.”

“పునాదికి దూరంగ, పెరటి చివర తవ్వుతం.”

“మీరు రేడియోలు బాగుచేసుకోండ్రి పెద్దమనిషీ. ఇండ్ల సంగతి మాకు ఇడిసిపెట్టుండ్రి.”

వీధి బోరింగుకు తీగ కడదామని నర్సయ్య అన్నాడు. వద్దన్నాను. నీళ్లు పట్టే ఆడవాళ్ల చేతుల్లోకి కరెంటు పంపిస్తామా? మిషిన్‌ను ఇంకోచోట పెడదామంటే వాళ్లకు ఇంకోచోటు లేదు. చివరికి నేను చేయగలిగింది చేశాను. పాలిస్టర్ తీయించి నూలు బట్ట కప్పించాను. ఒంట్లో చేరిన కరెంటు దిగిపోయేలా, కీబోర్డు ముట్టేముందు కిటికీ ఊచ పట్టుకోమన్నాను. గొంగడి తీయమన్నప్పుడు మాత్రం నర్సయ్య అడ్డం నిలబడ్డాడు.

“నేను ఓర్సుకుంట బాపూ. జర్రంతనే గద,” అంది స్వరూప.

“నువ్వు ఓర్సుకుంటవు. నేను ఓర్సుకోను,” అన్నాడు తండ్రి.

నేను ఎవరి వైపు మాట్లాడాలి? గొంగడి అలాగే ఉండిపోయింది.

కూలి ఇచ్చే రోజు ముందర మదర్‌బోర్డు పోయింది. పట్టీలు బయటికి రాలేదు. కూలి ఆగింది. కార్మికులు నర్సయ్య ఇంటి ముందు గుమిగూడారు. పొద్దంతా నర్సయ్య పక్క మగ్గం దగ్గర నిలబడేవాళ్లే, “కుంటి పోరికి మిషిన్ అప్పజెప్తె గిట్లనే ఉంటది” అన్నారు. స్వరూప లోపలి గది తలుపు వేసుకుంది. ఆ మరుసటి రోజే సంఘం పని తీసేసింది.

నేను ఊరుకోలేదు. తప్పు ఎవరిదో, గుంత ఎందుకు కావాలో బొమ్మ గీసి మరీ సంఘానికి దరఖాస్తు పెట్టాను. నిర్లక్ష్యం అన్న మాట వెనక్కి తీసుకోమన్నాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను, వెళ్లాను, వరండాలో కూర్చున్నాను. మేనేజర్ నన్ను చూసి వెనక తలుపు గుండా పోవడం నేర్చుకున్నాడు. పట్టీల పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. వాళ్లది సంఘం ఆఫీసు పక్కనే పక్కా ఇల్లు, ప్లగ్గు వెనుక మూడో తీగ కూడా ఉంది.

ఎండాకాలం మొదట్లో, మిషిన్ తీసుకుపొమ్మని నర్సయ్య కబురు పంపాడు. వెళ్లి ఆ బల్ల మీదే మిషిన్ విప్పి, పనికొచ్చే భాగాలు సంచిలో వేసుకున్నాను. స్వరూప పక్కనే కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నా వైపు చూడలేదు. “చాయ్ తాగి పో పెద్దబాపూ,” అంది, అంతే.

ఈ పనిలో కొత్తగా దిగే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. డబ్బా విప్పే ముందు ప్లగ్గు విప్పి చూడండి, మూడో తీగ లేకపోతే మిషిన్ అమ్మకండి. ఎర్త్ లేని ఇంట్లో చెడేది మిషిన్ ఒక్కటే కాదు, నింద పడేది మాత్రం దాని ముందు కూర్చున్న మనిషి మీదే. ఇది తెలిసి నేను చేయగలిగింది ఏముంది? దరఖాస్తులు రాయడం తప్ప.

వానలు పడ్డాక నా దుకాణానికి సంఘం ముద్రతో జవాబు వచ్చింది. నిర్లక్ష్యం గురించి అందులో ఒక్క మాట లేదు. ఉన్నది ఇంతే:

“మీరు కోరిన ప్రకారం సదరు ఇంటి పెరటిలో ఎర్త్ గుంత తవ్వుకొనుటకు అనుమతి మంజూరు చేయడమైనది. అయితే సదరు ఇంట్లో ప్రస్తుతం కంప్యూటర్ లేదని తెలియవచ్చినందున, గుంత తవ్వరాదు.”