బావ రక్తం, నా పథ్యం

నేను చేసిన వెధవ పనుల్ని వరసగా నిలబెడితే మా ఊరి నుంచి కోటబొమ్మాళి సంత దాకా వస్తాయి. ఆ వరసలో అందరికంటే ముందు నిలబడేది ఇప్పుడు చెప్పబోయేది. ఒక్క సూదిపోటుకు భయపడి, మా అక్క పసుపుకుంకుమల మీదికి తెచ్చాను. మీరు నవ్వండి, ఫర్వాలేదు. నాకు మాత్రం అప్పుడు పదకొండు రోజులు నవ్వు రాలేదు.

ఆ ఏడాది మా ఊరి బడిలో కిడ్నీ పరీక్షల శిబిరం పెట్టారు. మా నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. ముదిరిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. అందుకే అమ్మ ముందురోజే హుకుం జారీ చేసింది.

"ఒరే రవణా, రగతం ఇచ్చొచ్చే గుమ్మం తొక్కాల. నేదంటే గెంజి కూడా పొయ్యను."

నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. ధాన్యం బస్తా ఒక్కణ్నే ఎత్తి భుజాన వేసుకుంటాను. సూది కనబడితే మాత్రం పరుగే పరుగు. బడి గేటు దాకా వెళ్లాను. లోపల ఎవరో "అబ్బా" అన్నారు. అంతే, వెనక్కి తిరిగాను.

ఎదురుగా సైకిలు దిగుతున్నాడు మా అక్క మొగుడు సూర్నారాయణ బావ. నౌపడ ఉప్పుమడుల్లో పని. ఒళ్లునొప్పులకని రోజూ రెండు నొప్పిబిళ్లలు మింగి, "ఎద్దునిరా నాను" అని ఛాతీ చరుచుకునే రకం.

"బావా, నువ్వు రగతం ఇచ్చీసినావేటి?"

"నాకేటి మాయరోగమని ఇవ్వాల?"

"అయితే నా పేరు మీద ఇచ్చీ. నీది ఎద్దు రగతం కదా, కాయితం బాగొస్తాది. మాయమ్మ సల్లబడతాది."

"నెత్తళ్ల సేపల పులుసు ఎట్టిస్తావా మరి?"

"రెండు పూటలు ఎట్టిస్తాను, ఎల్లు బావా!"

లోపల నా పేరు పిలవగానే బావ దర్జాగా చెయ్యి చాపాడు. పొరుగూరి నర్సమ్మకి మా మొహాలేం తెలుసు!

నాలుగోనాడు ఆశా కార్యకర్త మా గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా, రవణ రిపోటు బాగోనేదు. జబ్బు మొదట్లోనే ఉన్నాది, బయపడకండి. పెద్దాసుపత్రిలో మళ్లీ సూపించాల. ఉప్పు తగ్గించాల. నొప్పిబిళ్లలు ముట్టుకోకూడదు."

అమ్మ అక్కడే కూలబడింది. "మీ నాయిన సాలడేట్రా, నువ్వు కూడానా?" అని గుండెలు బాదుకుంది. ఆ రక్తం ఎవరిదో నాకు తెలుసు. ఎవరికోసం ఏడవాలో అమ్మకి తెలియదు. అక్కకేమో ఏడో నెల. ఈ మాట దాని చెవిన పడితే ఏమవుతుందోనని భయం. అమ్మకి చెబితే గంటలో అక్కకి చేరిపోతుంది. ఇక మిగిలింది బావ ఒక్కడే.

ఆ సాయంత్రమే పులుసుకని దిగబడ్డాడు. నా కంచంలో ఉప్పులేని చారు. ఆయన కంచంలో నెత్తళ్ల పులుసు, నంజుకోడానికి ఎండుచేప, చాలదన్నట్టు పైన చిటికెడు ఉప్పు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు కదా, మా ఇంట్లో రక్తమొకడిది, పథ్యమొకడిది. పెరట్లోకి లాక్కెళ్లి చెప్పాను.

"బావా, అది నీ రగతం. జబ్బు నీకు."

పడీపడీ నవ్వాడు. "ఓర్నీ ఎటకారం తగలెయ్యా! రెండో పూట పులుసు ఎగ్గొట్టడానికి ఎంత ఏసం ఏసినావురా! ఆశమ్మకి ఏటిచ్చి సెప్పించినావు?"

"అమ్మతోడు బావా!"

"నా పెళ్లిలో శరబత్తులో కారం కలిపిననాడూ అమ్మతోడే అన్నావు!"

నిజమే, అన్నాను. మా వైపు బావని ఏడిపించని బావమరిది లేడు, నేనైతే అయిదేళ్లుగా పూట విడవకుండా ఏడిపించాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు కానీ, ఇక్కడ చేసింది నేను, అనుభవించేది బావ. రోజూ చెబుతున్నాను, రోజూ నవ్వుతున్నాడు. నా కళ్లముందే బిళ్లలు మింగుతున్నాడు.

ఆశమ్మ వచ్చిన పదకొండోనాడు తెగించాను. "బావా, రేపు పెద్దాసుపత్రిలో నేను సూది పొడిపించుకుంటాను. సూడ్డానికొస్తావా?"

"నువ్వా? సూదా? కూలి మానీసైనా వస్తాను!"

వచ్చాడు. బల్లకి ఆనుకుని పళ్లికిలిస్తూ నిలబడ్డాడు. నేను చెయ్యి చాపాను. ఒళ్లంతా చెమట, కళ్లల్లో నీళ్లు. సూది దిగింది. చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

బావ నవ్వు ఆగిపోయింది.

"ఒరే రవణా... నిజవేట్రా?"

"ఎటకారానికి నేను సూది పొడిపించుకుంటానేటి బావా?"

బావ చొక్కా చెయ్యి పైకి మడిచి నా పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

నా రిపోర్టు శుభ్రంగా వచ్చింది. బావది మాత్రం మొదటి కాగితంలాగే ఉంది. "ఇప్పుడే దొరికింది, అదృష్టం," అన్నాడు డాక్టరు. "ఆ బిళ్లలు మానెయ్యి, ఉప్పు తగ్గించు, మందులు వాడు, మూణ్ణెల్లకోసారి రా. చాలాకాలం నిలబెట్టుకోవచ్చు." తర్వాత, నేను జరిగింది చెప్పగానే, నావైపు తిరిగి మండిపడ్డాడు. "ఒకరి పేరు మీద ఇంకొకరు రక్తమిస్తారా? బుద్ధుందా? ఇంత పిరికివాడివేంటయ్యా?"

బావ లేచి రెండు చేతులూ జోడించాడు.

"బాబూ, ఆణ్ని తిట్టకండి. ఆడు పిరికోడు కాకపోతే, నాను సచ్చినా రగతం ఇచ్చీవోణ్ని కాదు."

ఇంటికొచ్చి నిజం చెప్పగానే అమ్మ చీపురు తిరగేసి, వీపు వాచేలా వడ్డించి, ఆ తర్వాత ఉప్పున్న కూర పెట్టింది. ఆ పూట తిన్న కూరంత రుచి మళ్లీ తగల్లేదు. అక్కకి బావే నెమ్మదిగా చెప్పుకున్నాడు. రెండో పూట పులుసు ఉప్పు తగ్గించి వండించాను. బావ నన్ను తిట్టుకుంటూ తిన్నాడు.

కాబట్టి మహాజనులారా, నౌపడ ఉప్పు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో నా రక్తం నేనే ఇచ్చుకుంటాను, అరువు చెయ్యి అడగను. మూణ్ణెల్లకోసారి బావకి తోడుగా నేనే వెళుతున్నాను కూడా. సూది ఆయనకి గుచ్చుతారు, మంచం నాకు వేస్తారు.