చూసింది చెప్పమన్న హెడ్డు సారు

మా కోరుట్ల బస్టాండు వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున ఒక సందేశం వచ్చింది: "హెడ్డు సారు పోయిండు."

దండం బొమ్మలు రాలేదు. 'ఆత్మకు శాంతి'లు రాలేదు. మొదటి జవాబు మా వీధిలో బీడీలు చుట్టే అక్కది. రాయడం రాదు కాబట్టి గొంతు పంపింది: "నువ్వు చూసినవా, విన్నవా?"

సందేశం పెట్టింది సోడా దుకాణం కాకా. విన్నానని ఒప్పుకున్నాడు.

"విన్నదైతె తీసెయ్యి. పోయి చూసి చెప్పు."

కాకా సందేశం చెరిపేసి, షట్టర్ దించి సారు ఇంటికి బయల్దేరాడు. ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ నిబంధనల ప్రకారం హెడ్డు సారు బతికే ఉన్నారు. ఆ తర్వాత ఒకే ఒక్క ముక్క వచ్చింది: "చూసిన."

ఆ నిబంధన ఆయన పెట్టిందే. "చూసింది చెప్పుర్రి, అనుకున్నది చెప్పకుర్రి." చివరికి తన చావు కబురు కూడా ఆ తనిఖీ దాటాకే మాకు చేరింది.

ఆయన మా ఠాణాలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. దేశంలో ఎక్కడ బాంబు పేలినా ఇక్కడ ఒక ఫ్లెక్సీ వెలిసేది: 'ఉగ్రవాదంపై పోరులో ప్రజలు సహకరించాలి.' ఎలా సహకరించాలో ఫ్లెక్సీకీ తెలియదు, ప్రజలకూ తెలియదు. హెడ్డు సారు సోడా దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అది నేర్పేవారు. ఆయన నమ్మకమంతా బీడీలక్కల మీదే. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దుగూకేదాకా గడపలో కూర్చుంటారు. చేతులు ఆకు మీద ఉంటాయి, కళ్లు వీధి మీద ఉంటాయి. "సీసీ కెమెరాకు కరెంటు పోతది. చాటకు పోదు" అనేవారు.

ఎవరేం చెప్పినా చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేవారు. చెప్పినవాళ్ల పేరు మాత్రం రాయరు. 'పచ్చ తలుపు', 'కుంటి మేక' అని రాసుకునేవారు.

"సారూ, గిది పోలీసు నోట్‌బుక్కా, పొడుపు కథల పుస్తకమా?" అన్నాను ఒకసారి. అప్పట్లో డిగ్రీ చదువుతున్నవాణ్ణి, నా చమత్కారానికి జిల్లా మొత్తం నవ్వాలని నా ఉద్దేశం. ఆయన నవ్వలేదు. ఎందుకో పెట్టె సంగతి జరిగిన రోజు తెలిసింది.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు తోటివాళ్ల పెట్టెలు కూడా మోసుకొస్తారు. బస్టాండులో తెలిసిన దుకాణం దగ్గర దించి ఇంటికి ఫోన్ చేస్తే, ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఇది మాకు మామూలే. ఆ రోజు కాకా పెళ్లికి పోయి దుకాణం మూసి ఉంది. తెచ్చినాయన బస్సు తొందరలో అట్టపెట్టెను షట్టర్ ముందే వదిలి పోయాడు. నీలం తాడు కట్టి ఉంది. పేరు రాసిన వైపు షట్టర్‌కు తిరిగి ఉంది. అంతకు వారం ముందే ఎక్కడో పేలుడు జరిగి అందరూ బెదిరి ఉన్నారు. నేను ఫొటో తీసి గ్రూపులో పెట్టాను: 'బాంబు వచ్చియున్నది. సంబంధిత బంధువులు వచ్చి తీసుకుపోగలరు.'

ఐదు నిమిషాల్లో 'బాంబు' అన్న మాట ఒక్కటే మిగిలింది. బస్టాండు ఖాళీ అయింది. తోపులాటలో ఒక ముసలాయన పడి చెయ్యి విరిగింది. హెడ్డు సారు జనాన్ని వెనక్కి నెట్టి అడ్డంగా తాడు కట్టేసరికి జగిత్యాల బస్సు దిగి ఒకామె నేరుగా వచ్చింది.

"గా పెట్టె మాది సార్."

"గామెదే అంట! పట్టుర్రి!" అని జనం అరిచారు. ఎవడో ఆమె జుట్టు పట్టుకున్నాడు. హెడ్డు సారు వాడి చెయ్యి విదిలించి అడ్డంగా నిలబడ్డారు.

"మీరు అనుకునేది నాకద్దు. నువ్వు చెప్పు బిడ్డా."

"మాది బీర్పూర్ సార్. మా ఆయన దుబాయిల సచ్చిపోయిండు. పీనిగె ఇంక రాలే. సామాను ముందుగాల అచ్చింది."

సంబంధిత బంధువులు వచ్చారు. నేను జనం వెనక్కి పోయి కూర్చున్నాను.

"నేను నమ్ముతున్న బిడ్డా. గని నమ్మినమని ముట్టద్దు. సూసేటోల్లు సూడాలె" అన్నారాయన. కరీంనగర్ నుంచి తనిఖీ బృందం వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన యూనిఫాంతోనే ఆమె పక్కన నేల మీద, ఎండలో కూర్చున్నారు. వాళ్లు అందరి ముందూ పెట్టె విప్పారు. నాలుగు చొక్కాలు, ఒక కంబళి, పాలపొడి డబ్బా, కొత్త ఆడ చెప్పుల జత. ఆమె ఒక చెప్పు తీసి పాదానికి పెట్టి చూసుకుంది. సరిపోయింది.

ఫొటో పెట్టిందెవరని ఎస్సై అడిగితే, "పేరు నాకు తెలుసు సార్. కాగితానికి తెల్వద్దు" అన్నారు హెడ్డు సారు. చెంప పగులుతుందని సిద్ధంగా ఉన్న నన్ను చూసి, "లే. మొయ్యి" అన్నారు, అంతే.

బస్సులో బీర్పూర్ దాకా పెట్టె నా ఒళ్లోనే ఉంది. ఆమె ముందు సీట్లో, సారు నా పక్కన కూర్చున్నారు. సగం దారిలో నోరు విప్పారు.

"నౌకరీల చేరిన కొత్తల వీర్నపల్లి దిక్కు ఉంటి. మాతోని మాట్లాడితె అడివిల నక్సలైట్లు సంపుతరు, మాట్లాడకపోతె మేం కొడ్తుంటిమి. అసొంటి దినాలల్ల ఒక రైతు, కొత్తోల్లు నలుగురు అచ్చిండ్రని సూసింది సూసినట్టు చెప్పిండు. నేను పేరు రాసుకున్న, ఇంటిపేరుతోని సహా. గా నోట్‌బుక్ ఏడ పోయిందో గిప్పటికి తెల్వది. నాల్గొద్దులకు ఊరి బయట పీనిగె దొరికింది. మెడల చీటి. గా చీటిల పేరు నేను రాసినట్లే, ఇంటిపేరుతోని ఉండె."

నేను పెట్టెను గట్టిగా పట్టుకున్నాను.

"ఇయ్యాల నువ్వేం జేసినవో ఎర్కేనా? రేపు నిజంగ ఏదన్న కనవడితె ఎవ్వలు ఫోన్ జెయ్యరు. గమ్మతి అనుకుంటరు, లేకపోతె నల్గురు నవ్వుతరని ఊకుంటరు. గంతమందిని మూగోల్లను జేసినవ్ రా."

అన్నట్టే జరిగింది. నెలల తరబడి ఆయన ఫోన్ మోగలేదు. చూసింది చెప్పమని ఆయన ఇల్లిల్లూ తిరిగారు. చివరికి బీడీలక్క ఫోన్ చేసింది, మూడు రోజులుగా మురుగు మోరీ పక్కన ఒక మోటార్ సైకిల్ ఉందని. తీరా చూస్తే అది తాగి మర్చిపోయినవాడిది. వీధంతా నవ్వింది. ఆయన ఆమె గడప ముందుకు పోయి అందరికీ వినబడేలా, "మంచిగ చెప్పినవ్ అక్కా. రేపు గూడ చెప్పు" అన్నారు. ఆ తర్వాత ఎన్ని ఉత్త ఫోన్లు వచ్చినా ప్రతిసారీ వెళ్లారు, ప్రతిసారీ అదే మాట అన్నారు. రిటైరయ్యాక కూడా మావాళ్లు ఠాణా కంటే ముందు ఆయనకే చేసేవాళ్లు.

దహనం ఆయన సొంతూరు గంభీరావుపేటలో జరిగింది. సిరిసిల్ల మీదుగా బస్సులో పోయాం. బీర్పూర్ ఆమె మా కంటే ముందే వచ్చి ఉంది. ఇన్నేళ్లకు దగ్గరికి పోయి, "అక్కా, ఆ దినం ఫొటో పెట్టింది నేనే" అన్నాను.

"ఎర్కే తమ్మీ. ఎవ్వలు ఊకెనే బీర్పూర్ దాక పెట్టె మోసుకరారు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం కోరుట్లలో బస్సు దిగాం. సోడా దుకాణం మూసే ఉంది. బయట ఆయన కుర్చీ ఉంది. కుర్చీ పక్కన ఒక నల్ల బ్యాగు.

"గీ బ్యాగు ఎవలిది?" అని బీడీలక్క గట్టిగా అడిగింది. ఎవరూ పలకలేదు. ఎవరూ ఫొటో తీయలేదు, అరవలేదు. ఒకరినొకరు చెయ్యి పట్టుకుని దూరం జరిగాం. నేను ఠాణాకు ఫోన్ చేసి, చూసింది చూసినట్టు చెప్పాను. వస్తున్నామన్నారు.

అప్పటికే అక్క అలవాటు కొద్దీ తన ఫోన్‌లో మొదటి నంబరు నొక్కింది. నొక్కాక గుర్తొచ్చినట్టుంది. అయినా చెవి దగ్గర నుంచి ఫోన్ తీయలేదు. ఎక్కడో గంభీరావుపేటలో రింగు పోతూనే ఉంది. మేమంతా ఖాళీ కుర్చీని చూస్తూ, ఆయన తాడు కట్టే దూరంలో నిలబడి ఉన్నాం.